మెక్సికో మిరప, మందస దాలి

శ్రీకాకుళం జిల్లా మందస బజారులో సపోటాలు బేరమాడే ఆడమనిషి తనకు తెలియకుండానే మెక్సికో పాతభాష మాట్లాడుతుంది. నహువా జనం ‘త్సపోత్ల్’ అన్న పండును స్పెయిన్ వాళ్లు ‘సపోతె’ అన్నారు. ఆ మాటే సముద్రాలు దాటి మన గంపలోకి వచ్చి సపోటా అయింది. పక్క గంపలోని టమాటాదీ అదే ఇంటిపేరు. అక్కడ దాన్ని ‘తొమత్ల్’ అనేవారు. కొంగు పట్టుకు లాగుతున్న పిల్లాడు అడిగే చాక్లెట్టు పుట్టిల్లు కూడా అదే. ఎప్పుడైనా మెక్సికో తిండి తిన్నావా అని ఆవిడను అడిగితే నవ్వేస్తుంది. ఇంటికెళ్లి ఎండుమిర్చి, టమాటా పోపులో వేసి కూర దించుతుంది.

ఇప్పుడు ఆ దేశం పేరు పెట్టుకుని ఒక వంట అమెరికాలోని తెలుగువాళ్ల ఇళ్లలోనూ కనిపిస్తోంది. పొద్దున పనికి పోయేముందు స్లో కుక్కర్‌లో పెద్దమాంసం ముక్కలు, టమాటా, ఎండుమిర్చి పొడి, జీలకర్ర, వెల్లుల్లి, ఉల్లిపాయ వేసి మూత పెట్టి మీట నొక్కుతారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ముక్క వేలితో తాకితే పీచులుగా విడిపోతుంది. రొట్టెలో చుట్టుకుని తింటారు, అన్నంలోనూ కలుపుకుంటారు. కారంగా ఉంటుంది కాబట్టి మనవాళ్ల నోటికి కొత్తనిపించదు. కొత్తనిపించకపోవడానికి అయిదొందల ఏళ్ల కారణం ఉంది. ఆ కుండ మూత తీసి ఒక్కో దినుసునూ ఊరూ పేరూ అడగాలి.

ముందు మాంసాన్ని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఒకప్పుడు మెక్సికోలో ఆవూ ఎద్దూ ఉండేవి కావు. అస్తెకులు టర్కీ కోళ్లను పెంచారు, కుక్కమాంసం తిన్నారు, అడవిలో వేటాడారు, చెరువు పురుగుల్ని కూడా వదల్లేదు. పశువుల మందంటూ వాళ్లు చూసింది స్పెయిన్ వాళ్లు దిగాకే. 1521లో గ్రెగోరియో దె వియ్యలోబోస్ అనే అతను కొన్ని దూడలను తెచ్చి పానుకో నది దగ్గర దించాడని చెబుతారు. అంటే మెక్సికన్ వంటలో పెద్దమాంసమే పరాయిది. మన వంటలో పరాయిది మిరపకాయ. ఇటు మూపురం ఉన్న పశువును సింధు ప్రాంతంలో మనుషులు మచ్చిక చేసుకుని సుమారు ఎనిమిది వేల ఏళ్లయింది. అటు మిరపను మెక్సికోలో అంతకు కాస్త అటూఇటూగా సాగులోకి తెచ్చారు. ఒకరి దగ్గర ఎద్దు, ఇంకొకరి దగ్గర మిరప. మధ్యలో రెండు మహాసముద్రాలు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో తెలుగువాళ్ల వంతు చిన్నదేమీ కాదు. 1868లో ఒక ఓడ బ్రెజిల్‌లోని సాల్వదోర్ రేవులో లంగరు వేసింది. అందులో ఉన్న ఒంగోలు జాతి పశువులను అక్కడే అమ్మేశారు. పదేళ్ల తరవాత, 1878లో, రియో ప్రాంతపు రైతు మనోయెల్ లెంగ్రూబెర్ జర్మనీలోని హాంబర్గ్ జంతు ప్రదర్శనశాలలో ఒక ఒంగోలు జతను చూసి ముచ్చటపడి కొనుక్కుపోయాడు. జర్మన్ పిల్లలు టిక్కెట్టు కొనుక్కుని చూసిన మన ఎద్దు అట్లాంటిక్ దాటింది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కనుక అక్కడ ఆ జాతికి ‘నెలోరె’ అని పేరు పడింది. ఎండను, పిడుదును, గరుకు గడ్డిని తట్టుకునే ఆ పశువును చూసి బ్రెజిల్ రైతులు ఐరోపా జాతులను పక్కన పెట్టారు. 1960ల మొదట్లో కూడా ఒంగోలు సీమ నుంచి మేలుజాతి ఎద్దులను తీసుకెళ్లారు. వాటిలో ఒకదాని పేరు కర్వాది. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే అది. ఈ రోజు బ్రెజిల్ మాంసపు మందల్లో అత్యధిక భాగం ఆ రక్తమే. ఇక్కడ దుక్కి దున్నడానికి, పందేల్లో బండ లాగడానికి పెంచిన జాతి అక్కడ కోట్ల సంఖ్యలో పళ్లేల్లోకి చేరింది.

మెక్సికోకూ బ్రెజిల్ నుంచి మూపురపు ఎద్దులు వెళ్లాయి, అదీ ఒక పెద్ద గొడవతో. 1946లో వెరాక్రూస్ రేవు వైపు బ్రెజిల్ నుంచి ఆ ఎద్దులు దిగాయి. ఆ ఏడాది డిసెంబరుకల్లా దేశంలో గాలికుంటు వ్యాధి బయటపడింది. నింద ఎద్దుల మీద పడింది. అమెరికా సరిహద్దు మూసేసింది, రెండు దేశాలూ కలిసి లక్షలాది పశువులను చంపించాయి. మందసలో అయితే గాలికుంటు వచ్చిన ఎద్దును నీడలో కట్టేసి గిట్టలకు పసుపు, వేపాకు పట్టించేవారు. ఉన్న ఒక్క కాడినీ చంపుకుంటే మర్నాడు పొలం ఎవరు దున్నుతారు?

మిరప ఇటు వచ్చిన తీరు ఇంత గోలగా జరగలేదు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌కు వచ్చాడు, 1510లో పోర్చుగీసులు గోవా పట్టుకున్నారు. వాళ్ల ఓడల్లో అమెరికా ఖండాల గింజలు వచ్చాయి. వాళ్లు వచ్చింది మిరియాల కోసం. విచిత్రమేమంటే, మిరియాన్ని మన పేదింటి వంటగదిలోంచి వెళ్లగొట్టిన కాయను వాళ్లే తెచ్చిపెట్టారు. మిరియం పడమటి కొండల్లో, వానలు దండిగా కురిసేచోట పాకే తీగ. కొనాలంటే డబ్బు కావాలి. మిరప అట్లా కాదు. పెరట్లో చల్లితే నాలుగు నెలల్లో చేతికొస్తుంది. పచ్చిగా నంజుకోవచ్చు, పండాక ఎండబెట్టి ఏడాదంతా దాచుకోవచ్చు. తరవాణి అన్నంలోకి ఇంకో కూర అక్కర్లేకుండా చేసింది ఆ ఒక్క కాయే.

కొత్త కాయకు మనవాళ్లు పేరు వెతుక్కోవడానికి ఎక్కువ దూరం పోలేదు. మిరియం ఉండనే ఉంది, దాని పక్కనే మిరప. బ్రెజిల్ నుంచి అదే దారిలో వచ్చిన మరో చెట్టుకూ ఇట్లాగే జరిగింది. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడే నల్లజీడి మనకు పాతకాలం నుంచీ తెలుసు. దాని రసం తగిలితే ఒళ్లు పొక్కుతుంది. కొత్త చెట్టు పిక్కలోనూ అట్లాంటి రసమే కనిపించింది, పండు మామిడిని తలపించింది. రెండూ కలిపి జీడిమామిడి అన్నారు. వృక్షశాస్త్రం చదవని జనం పెట్టిన పేరది. శాస్త్రం తరవాత చూసి, మామిడీ నల్లజీడీ జీడిమామిడీ ఒకే కుటుంబమని ఒప్పుకుంది. మందస దగ్గరి పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల నల్లబడిన వేళ్లను చూస్తే ఆ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. ఉద్దానం ఇసుకనేలల్లో ఆ చెట్టు ఎంతగా పాతుకుపోయిందంటే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరితో పాటు జీడితోటల్ని కూల్చేసినప్పుడు ఈ ప్రాంతం తాతముత్తాతల ఆస్తి పోయినట్టే ఏడ్చింది. అది పరాయి చెట్టని ఎవరికీ గుర్తు లేదు.

శ్రీనాథుడు మాత్రం మిరపకాయ కొరకలేదు. ఆయన పోయిన కొన్ని దశాబ్దాల తరవాత గాని కొలంబస్ ఓడ ఎక్కలేదు. పల్నాటి జొన్నకూడు మీద ఆయన విసుక్కున్నట్టు చాటువులు ఉన్నాయి. అదే పల్నాడు, గుంటూరు సీమ ఇప్పుడు దేశానికి కారం పెడుతున్నాయి. ఆ కాలపు కారమంతా మిరియం, పిప్పలి, శొంఠి, అల్లం. ఆంధ్ర వంటంటే మిరపకారమేనని జబ్బలు చరుచుకునేవాళ్లు కాస్త నెమ్మదించాల్సిన చోటు ఇది.

ఇంకో నమ్మకం కూడా సడలాలి. మాంసంలో మిరపపొడి పోసి గంటలకొద్దీ ఉడికించే ‘చిలీ కాన్ కార్నే’ను ప్రపంచమంతా మెక్సికో వంటగా చెప్పుకుంటుంది. దానికి పేరు తెచ్చింది మాత్రం టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో. 1880ల నుంచి అక్కడి కూడళ్లలో సాయంత్రాలు మెక్సికన్ సంతతి ఆడవాళ్లు బల్లలు వేసుకుని లాంతర్ల వెలుగులో దీన్ని గిన్నెల్లో పోసి అమ్మేవారు. ‘చిలీ రాణులు’ అని వాళ్లకు పేరు. 1930ల చివర్లో పారిశుద్ధ్యం పేరుతో పురపాలకులు వాళ్లను ఖాళీ చేయించారు. రోడ్డు పక్క ఇడ్లీబండ్లను లేపేసే అధికారులకు ఆ కథ కొత్తగా అనిపించదు. వాళ్ల వంటనే సులువు చేసి, విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు 1890లలో మిరప, జీలకర్ర, వెల్లుల్లి, వాము వాసనకు దగ్గరగా ఉండే ఒరెగానో కలిపి పొడి చేసి సీసాల్లో అమ్మాడు. ఆ ఒరెగానో తీసేస్తే మిగిలేది మన వెల్లుల్లికారం. జీలకర్ర ఆసియా పంట, వెల్లుల్లి ఆసియాదే. శాన్ ఆంటోనియోలోనూ శ్రీకాకుళంలోనూ రోట్లో ఇంచుమించు ఒకే పొడి తయారైంది, ఒకరి కబురు ఒకరికి తెలియకుండా.

ఇక నిప్పు సంగతి. మెక్సికోలో పండగ మాంసాన్ని వండే పాత పద్ధతి పేరు బార్బకోవా. చివర కోవా ఉన్నది కాకతాళీయమే. మాట కరీబియన్ దీవుల నుంచి వచ్చింది. నేలలో గొయ్యి తీసి, రాళ్లు ఎర్రగా కాల్చి, మాంసాన్ని కిత్తనార మట్టల్లో చుట్టి దించి, పైన మట్టి కప్పేస్తారు. రాత్రంతా లోపల మగ్గి తెల్లారేసరికి విడిపోతుంది. మన రైలు కట్టల పక్కన, పొలం గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనార కూడా మెక్సికో నుంచి వచ్చిందే. ఇక్కడ దాంతో తాళ్లు పేనారు. మాంసం చుట్టాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

గొయ్యి మాత్రం మనకూ ఉంది. దాని పేరు దాలి. పాడి ఉన్న ఇంటి పెరట్లో ఒక గుంట తీసి, పిడకలు రాజేసి, మంట లేవకుండా నుసి కప్పి, పైన పాలకుండ పెట్టేవారు. ఉదయం పెట్టిన పాలు పొంగకుండా, మాడకుండా సాయంత్రం దాకా సన్నసెగ మీద కాగి, గోధుమరంగుకు తిరిగి, మందాన మీగడ కట్టేవి. ఆ ఇల్లాలు మధ్యలో ఊడ్పులకు పోయి రావచ్చు. మీట లేదు, తీగ లేదు. సెగ ఎక్కువైతే ఇంకాస్త బూడిద, తగ్గితే ఇంకో పిడక. స్లో కుక్కర్‌లో ‘లో’ అని రాసి ఉండే గుర్తు చేసే పని కచ్చితంగా ఇదే. పాడి పోయి ప్యాకెట్టు పాలు వచ్చిన ఇళ్లలో దాలి పూడిపోయింది, ఆ మాటా పూడిపోతోంది.

సన్నసెగ విద్య మందసలో మరో రూపంలో నిలిచింది. జిల్లా అంతటా మందస పేరు చెప్పగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది కోవా, ఆ తరవాతే వాసుదేవుడి గుడి. వెడల్పాటి మూకుడులో పాలు పోసి, అడుగంటకుండా గంటలకొద్దీ తిప్పుతూనే ఉండి, నీరంతా ఇగిరాక పంచదార వేసి దించుతారు. దాలి దగ్గర మనిషి అక్కర్లేదు, కోవా దగ్గర చెయ్యి ఆగకూడదు. ఓపిక మటుకు రెండింటికీ ఒకటే.

స్లో కుక్కర్ అనే కరెంటు కుండ కథ లిథువేనియాలో మొదలవుతుంది. యూదులు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం సాయంత్రం దాకా నిప్పు ముట్టించరు. అందుకని శుక్రవారమే మాంసం, చిక్కుళ్లు, గింజలు కుండలో వేసి ఊరి రొట్టెలబట్టీలో పెట్టేవారు. బట్టీ నెమ్మదిగా చల్లారుతుంటే రాత్రంతా కుండ ఉడికేది. ‘చోలెంట్’ అంటారు దాన్ని. విల్నియస్ వైపు నుంచి వచ్చిన తన తల్లి చెప్పిన ఆ కుండను మనసులో పెట్టుకుని షికాగో ఇంజినీరు ఇర్వింగ్ నాక్సన్ కరెంటు పాత్ర ఒకటి రూపొందించాడు. 1940లో పేటెంటు వచ్చింది. మొదట చిక్కుళ్లు ఉడికించే సామాను పేరుతోనే అమ్మాడు. 1970లో అతని సంస్థను కాన్సాస్ సిటీకి చెందిన రైవల్ కొన్నది. మరుసటేడు ‘క్రాక్-పాట్’ పేరుతో బజారులో పెట్టింది. ఆడవాళ్లు ఉద్యోగాలకు పోతున్న రోజులవి. మొదటి ఏడాది 20 లక్షల డాలర్లున్న అమ్మకాలు 1975కి 9 కోట్ల 30 లక్షలకు చేరాయి. ఊడ్పులకు పోయే ఇల్లాలికి దాలి చేసిన సాయాన్నే ఆఫీసుకు పోయే ఇల్లాలికి ఈ పింగాణీ కుండ చేసింది.

హైదరాబాదు హలీం బట్టీలదీ ఇదే పద్ధతి. నిజాం సైన్యంలో చేరిన అరబ్బులతో వచ్చిన వంటకం, రాత్రంతా కట్టెల సెగ మీద గోధుమ, మాంసం కలిసి ఉడికి, కర్రగుదియలతో మెదిపితే తయారవుతుంది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది.

సన్నసెగ అనగానే హాయిగా వినిపిస్తుంది గాని, గంటలకొద్దీ పొయ్యి మండాలంటే కట్టె కావాలి. కట్టె ఎవరిది? మందసలో ఈ ప్రశ్న మీద రక్తం పారింది. మహేంద్రగిరి పాదాల్లోని అడవి మందస జమీందారుది. రైతులు పొయ్యిలోకి, నాగలికి, ఇంటి దూలానికి కర్ర తెచ్చుకోవాలంటే పన్ను కట్టాలి. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ ఊపులో ఊళ్లకు ఊళ్లు అడవిలోకి వెళ్లి కర్ర కొట్టి తెచ్చుకున్నాయి. ఏప్రిల్ 1న రైతులను పట్టుకుపోవడానికి పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చారు. ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు, ముందు నిలబడింది సాసుమాన గున్నమ్మ. కాల్పుల్లో ఆమెతో సహా అయిదుగురు చనిపోయారు. ఆమెను ఈ ప్రాంతం వీర గున్నమ్మ అంటుంది. జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాయి. వంటింటి చరిత్రలు రాసేవాళ్లు మసాలాల దారుల గురించి రాసినంతగా కట్టెల గురించి రాయరు. మందసలో కూర్చుని రాస్తే కట్టెను దాటి ముందుకు పోలేరు.

మాంసం గురించి కూడా ఇక్కడ గుసగుసలాడాల్సిన పనేమీ లేదు. అదే మహేంద్రగిరి వరసల్లో సవర ఆదివాసులు చనిపోయినవారి పేర రాయి నాటే ‘గువార్’ తంతులో దున్నలను బలి ఇచ్చి, మాంసాన్ని బంధువర్గాల వారీగా పంచుకునేవారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద అచ్చువేసిన పుస్తకంలో ఇదంతా వివరంగా ఉంది. అంతకుముందే గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి వాళ్ల భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. కింద పల్లపు ఊళ్లలో, దళితవాడల్లో, పెద్దకూర వండుకున్నాక మిగిలినదాన్ని సన్నగా చీల్చి ఉప్పు పట్టించి దండెం మీద ఎండబెట్టడం తెలుగుదేశమంతటా ఉన్నదే. ఎండు తునకలను గోంగూరతో గాని చింతపండుతో గాని ఉడికిస్తారు. మెక్సికోలో పుల్లదనానికి టమాటా, నిమ్మ ఎట్లాగో ఇక్కడ గోంగూర అట్లాగ. గట్టి ముక్క మెత్తబడాలంటే సన్నసెగా ఓపికా తప్ప దారి లేదు. దుక్కి దున్ని ముసలిదైన పశువు కండలో నరం, జిగురు ఎక్కువ. అది గంటల తరబడి మరుగుకు కాస్త తక్కువ వేడిలో ఉంటేనే కరిగి పులుసులోకి దిగుతుంది. లేతముక్క కొనగలిగినవాడికి ఈ విద్య అక్కర్లేదు. అందుకే ఇటువంటి వంటలన్నీ, శాన్ ఆంటోనియోలోనైనా మందసలోనైనా, డబ్బు లేని ఇళ్లలో పుట్టాయి.

1977లో టెక్సాస్ శాసనసభ చిలీని రాష్ట్ర అధికారిక వంటకంగా ప్రకటించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఆవును, ఆవుదూడను, గేదెదూడను కొయ్యకూడదు. ఎద్దునైనా, పెద్ద గేదెనైనా ఇక పనికిరాదని అధికారి కాగితం ఇస్తేనే కొయ్యాలి. కాబట్టి పలాసలో గాని టెక్కలిలో గాని ఈ స్లో కుక్కర్ వంట చేయాలనుకునేవారి కుండలోకి వచ్చేది ఎక్కువగా గేదెమాంసమే. ఆవుమాంసం కన్నా ముదురు రంగు, కొవ్వు తక్కువ. ఎనిమిది గంటలు చాలకపోతే పది ఉంచాలి. మిరపపొడికి వెల్లుల్లికారం సరిపోతుంది, టమాటాకు తోడు కాస్త చింతపండు పిండినా తప్పు లేదు.

చిక్కుడుగింజలు, అందులోనూ ఎర్ర రాజ్మా వేసేవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. పచ్చి రాజ్మాలో కడుపును అతలాకుతలం చేసే విషపదార్థం ఉంటుంది, అది స్లో కుక్కర్ సెగకు చావదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మామూలు పొయ్యి మీద పది నిమిషాలకు తక్కువ కాకుండా కుతకుత మరిగించి, ఆ తరవాతే కుండలో వేయండి.